గోరింట రంగు – చర్మమును సిద్ధపరచు విధము, ఫిర్యాదులను పరిష్కరించు తీరు

చర్మానికి రంగు వేసుకొనుట మానవునికి క్రొత్త విద్య కాదు. ఆషాఢమాసం రాగానే తెలుగు ఇండ్లలో గోరింటాకు రుబ్బుతారు. అట్లతద్దికి ఆడపిల్లల అరచేతులు ఎర్రబారుతాయి. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో మెహందీ లేని పెండ్లి లేదు. రంజాన్ నెలవంక కనిపించిన చాంద్ రాత్ నాడు చార్మినార్ చెంత లాడ్ బజారులో మెహందీ పెట్టించుకొనే స్త్రీల సందడి చూడదగినది. ఒకప్పుడు ఇంటిలోని పెద్దమ్మలు, ఖాలాలు చేసిన ఈ పని నేడు వృత్తిగా మారినది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణపు వసతి గృహాలలోను, ఆనుకొని ఉన్న తార్నాక వీధులలోను రుసుము తీసుకొని మెహందీ పెట్టి చదువు ఖర్చులకు సంపాదించుకొనే యువతులు కలరు. రుసుము తీసుకొన్న నాటి నుండి అది వేడుక మాత్రమే కాదు, బాధ్యత కూడ. ఆ బాధ్యత ఎట్టిదో వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

రంగు పట్టుటలోని రహస్యము

మన చర్మపు పైపొర మృతకణాలతో ఏర్పడినది. అందు కెరాటిన్ అను మాంసకృత్తు ఉన్నది. గోరింటాకులో లాసోన్ అను వర్ణద్రవ్యం సుమారు 1 శాతం ఉంటుంది. ఆకును రుబ్బి నిమ్మరసం వంటి పులుపుతో తడిపినప్పుడు లాసోన్ వెలువడి కెరాటిన్‌తో బంధం ఏర్పరచుకొంటుంది. ముద్ద రాల్చిన వెంటనే రంగు నారింజ వన్నెలో ఉంటుంది. గాలిలోని ఆమ్లజని ప్రభావంతో ఒకటి రెండు రోజులలో ముదిరి ఎరుపు, గోధుమ వన్నెకు వస్తుంది. అరచేతులలోను, అరికాళ్ళలోను మృతకణాల పొర మందము గనుక అక్కడ బాగుగా పండుతుంది. ముంజేతి మీద, చేతి వెనుక భాగమున పొర పలుచన గనుక రంగు తేలికగా ఉంటుంది. ఆ కణాలు రాలిపోయే కొద్దీ ఒకటి నుండి మూడు వారాలలో రంగు మాసిపోతుంది.

పాశ్చాత్య దేశాలలో దేహానికి ఎండకమిలిన ఛాయ తెచ్చుకొనుటకై చేయించుకొనే ‘స్ప్రే టాన్’ కూడ ఈ మృతకణాల పొర మీదనే పనిచేస్తుంది. 1950ల దశకంలో అమెరికాలోని సిన్సినాటిలో ఈవా విట్‌గెన్‌స్టైన్ అను పరిశోధకురాలు పిల్లలకు డైహైడ్రాక్సీ అసిటోన్‌ను ఔషధంగా త్రాగించుచుండగా, ఒలికిన చుక్కలు బట్టకు రంగు వేయక చర్మాన్ని మాత్రం గోధుమ వన్నెకు మార్చుట గమనించినది. రొట్టె కాలినప్పుడు పైభాగం ఎర్రబడే రసాయన చర్య వంటిదే ఇదియును. ఆ వృత్తిలో గాని, మన మెహందీ వృత్తిలో గాని మొదటి పాఠం ఒక్కటే: రంగు ఎంత మంచిదైనను, పొర శుభ్రంగా, సమంగా లేకున్న పని చెడుతుంది.

చర్మమును సిద్ధపరచుట

మొదట చేతులను సబ్బుతో కడిగించి పొడి గుడ్డతో తుడిపించవలెను. నూనె, క్రీము, పసుపు నలుగు జిడ్డు మిగిలి ఉన్నచో లాసోన్ చర్మాన్ని చేరదు. మాంఝే నాటి పసుపు చేతులతోనే మెహందీకి కూర్చున్న పెండ్లికుమార్తెకు రంగు చారలు చారలుగా పట్టుటకు ఇది ఒక ముఖ్య కారణము. వాక్సింగ్, స్క్రబ్బింగ్ వంటివి ఒకటి రెండు రోజుల ముందే పూర్తి కావలెను. అవి చేసిన వెంటనే చర్మం మండుతూ ఉంటుంది. మెహందీ తరువాత చేసినచో రంగుతో కూడిన పొరయే ఊడివస్తుంది.

పిదప అడుగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నవి. చేతులపై గాయం, గజ్జి, తామర ఉన్నవా? పూర్వం తలకు రంగు వేసుకొన్నప్పుడు దురద పెట్టినదా? ముద్దను ఎన్ని గంటలు ఉంచుకొనగలరు? నమాజు చేసేవారు వుజూకు ముందు ముద్దను తీసివేయవలసి ఉంటుంది గనుక ఆ వేళను కూడ అడిగి పని మొదలుపెట్టుట మర్యాద. కనీసం నాలుగైదు గంటలు ముద్ద నిలుచునట్లు చూడవలెను. ఆరిన ముద్దపై నిమ్మరసం, చక్కెర కలిపిన నీటిని దూదితో అద్దుట, లవంగాల పొగకు చేతులు కాచుట మన పెద్దలెరిగిన ఉపాయములే. ముద్దను రాల్చవలెనే గాని నీటితో కడుగరాదు. ఒక పూటైనను సబ్బు తగలనీయరాదు.

పసిపిల్లలకు మెహందీ పెట్టరాదు. జి-6-పి-డి అను ఎంజైము లోపం గల శిశువుల చర్మం గుండా లాసోన్ లోనికి ప్రవేశించి ఎర్ర రక్తకణాలను చిట్లజేసిన సందర్భాలు వైద్య గ్రంథాలలో నమోదైనవి. లోపమున్నట్లు తల్లిదండ్రులకు తెలియకపోవచ్చును గనుక, ‘ముచ్చట’ అని ఎవరెంత బ్రతిమాలినను సున్నితంగా నిరాకరించుటయే ధర్మం.

నల్ల మెహందీ అను అపాయము

స్వచ్ఛమైన గోరింట ఎన్నడును గంటలో నల్లబడదు. అట్లు నల్లబడినచో అందులో పారా-ఫినిలిన్ డయమిన్ అను తల రంగు రసాయనం కలిసినదని అనుమానించవలెను. నిమిషాలలో ఎర్రదనమిచ్చే కొన్ని కోన్‌లలో పిక్రామిక్ ఆమ్లం వంటి కృత్రిమ వర్ణాలు ఉంటాయి. ఐరోపా దేశాలు తల రంగులలో పారా-ఫినిలిన్ డయమిన్‌ను 2 శాతం మించనీయవు. చర్మం మీద చిత్రించుటకు దానిని అసలే అనుమతించవు. పలు దేశాలలో పరీక్షించిన నల్ల మెహందీ నమూనాలలో ఆ పరిమితికి అనేక రెట్లు బయటపడినది.

దీని వల్ల కలుగు కీడు ఆ నాటితో తీరదు. పొక్కులు మానిన తరువాత కూడ దేహం ఆ రసాయనాన్ని శత్రువుగా జ్ఞాపకముంచుకొంటుంది. పండ్రెండేండ్ల బాలికకు చాంద్ రాత్ నాడు పెట్టిన నల్ల పువ్వు, నలుబదవ ఏట ఆమె తలకు రంగు వేసుకొన్నప్పుడు ముఖం వాచుటకు కారణం కావచ్చును. కొన్ని బట్టల రంగులు, బెంజోకైన్ వంటి మత్తు మందులు కూడ అట్టివారికి పడకపోవచ్చును. కనుక ‘ముందు చుక్క పెట్టి పరీక్షించి చూతము’ అనుట నల్ల మెహందీ విషయంలో పరిష్కారం కాదు. ఆ చుక్కయే అలర్జీకి బీజము కాగలదు. స్వచ్ఛమైన గోరింటకు మాత్రం ముంజేతి లోపలి వైపు చుక్క పెట్టి రెండు రోజులు గమనించుట మంచి అలవాటు.

ఫిర్యాదు వచ్చినప్పుడు

ఫిర్యాదులు రెండు విధములు: రంగును గూర్చినవి, బాధను గూర్చినవి. ఈ రెంటిని మొదటి మాటలోనే వేరుచేసి తెలిసికొనవలెను. “పండలేదు” అని వచ్చిన ఆమెతో వాదింపరాదు. చేతులను పగటి వెలుతురులో చూడవలెను. “అమ్మా, ఎప్పుడు తీసివేసినారు? సబ్బు తగిలినదా?” అని నెమ్మదిగా అడుగవలెను. ఇరువది నాలుగు గంటలు కాకున్నచో, “రేపు సాయంత్రం వరకు చూడండి, బాజీ, రంగు ఇంకా ముదురుతుంది” అని చెప్పుట సత్యమే గాని తప్పించుకొనుట కాదు. అయితే ఆ మాట పని మొదలుపెట్టక ముందే చెప్పి ఉండవలెను. ముందు చెప్పినది సలహా అవుతుంది. అదే మాట తరువాత చెప్పినచో సాకుగా వినిపిస్తుంది. తప్పు పొడిలోనో, పనిలోనో ఉన్నచో తిరిగి పెట్టుటయో, సొమ్ము వాపసు చేయుటయో ఉచితం.

“దురద, మంట, పొక్కులు” అన్న మాట వినబడినచో రంగు ప్రసక్తి విడిచిపెట్టవలెను. ముద్దను వెంటనే తీయించి చల్లని నీటితో కడిగించవలెను. పెరుగు, పళ్ళపొడి, ఇతరుల మందులు పూయనీయక చర్మవైద్యుని వద్దకు పంపవలెను. తార్నాక వారికి సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రి దూరము కాదు. ముఖం వాచినను, ఊపిరి ఆడకున్నను క్షణమైనను ఆలస్యం తగదు. వాడిన కోన్‌ను పారవేయక వైద్యునికి చూపుటకై భద్రపరచవలెను. దానిని దాచుట, మార్చుట రోగికి ద్రోహము.

ఇందుకు ఒక చిన్న నోటు పుస్తకం చాలును. తేదీ, పొడి ఎచ్చట కొన్నది, అందు ఏమి కలిపినది, ఎన్ని గంటలు ఉంచినది, అడిగిన ప్రశ్నలకు వచ్చిన సమాధానాలు వ్రాసి ఉంచినచో నిందకు గురైన పనిమనిషికి అదియే రక్ష. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. రుసుముకు చేసిన సేవలో లోపము ఆ చట్టం పరిధిలోనిదే.

ఎవరి భాషలో వారికి

తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఉన్నది. జామై ఉస్మానియా చెంత జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలినాళ్ళలో శాస్త్ర విషయాలను సైతం ఉర్దూలో బోధించినది. ఇంతటి శాస్త్రం నడుమ నివసించుచు, కోన్ పై పేర్లే గాని లోపలి పదార్థాల జాబితా లేని సరుకును ప్రక్కింటి చెల్లెలి చేతికి పూయుట మనకు తగునా? కోన్ మీద పదార్థాల వివరం లేకున్న కొనవద్దని, నల్లని రంగు వలదని తెలుగులోను, ఉర్దూలోను చెప్పగలవారు మన కళాశాలలోనే ఉన్నారు.

పండుగ ముందు రాత్రి “అందరూ నల్లది పెడుతున్నారు, నీవేల పెట్టవు?” అని అడిగే గిరాకీ తప్పక వస్తుంది. ఆమెను తిప్పి పంపినచో ఆనాటి కూలి పోవును. నెల ఫీజుకు చాలకపోవచ్చును. ఆ నష్టము నిజమైనదే. అయినను కారణం ఆమె భాషలో ఓపికగా చెప్పి పంపినచో, మరుసటి ఏడు తన కుమార్తెను వెంటబెట్టుకొని ఆమెయే తిరిగి రాగలదు. మెహందీ కోన్ చేతబట్టిన ప్రతి విద్యార్థిని ఈ సంగతిని గుర్తించుట అవసరము.