సభాపతి బాలయోగి

గౌతమీ వసిష్ఠ శాఖల నడుమ, సముద్రతీరమున, కొబ్బరితోటలతోను వరిచేలతోను కనులపండువు గావించు భూమి కోనసీమ. పూర్వము ఈ సీమనుండి ఎటు పోవలెనన్నను పడవమీద గోదావరిని దాటవలసియుండెడిది. గౌతమీతీరమున, యానామునకు ఎదుటిగట్టున, ఎదుర్లంక యను పల్లె కలదు. 1951వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆ పల్లెలో ఒక దళిత కుటుంబమున గంటి మోహనచంద్ర బాలయోగి జన్మించెను. లంకలో పుట్టిన ఈ బాలుడే కాలక్రమమున భారతదేశ లోక్‌సభకు అధ్యక్షుడయ్యెను.

బాలయోగి ప్రాథమిక విద్యకై పొరుగుననున్న గుత్తెనదీవికి పోవుచుండెను. పిమ్మట కాకినాడలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టమును, న్యాయశాస్త్ర పట్టమును బడసెను. 1980లో కాకినాడయందు న్యాయవాదవృత్తి నారంభించెను. 1985లో ప్రథమశ్రేణి మేజిస్ట్రేటు పదవి లభించినను, దానిని విడిచి మరల న్యాయవాదవృత్తినే అవలంబించెను. స్థిరమైన ఉద్యోగమును వదలుకొనుట సులభము కాదు. కాని ఆయన మనస్సు ప్రజాసేవవైపు మొగ్గియుండెను.

1987లో బాలయోగి తెలుగుదేశము పార్టీ తరఫున తూర్పుగోదావరి జిల్లా ప్రజాపరిషత్తునకు అధ్యక్షుడయ్యెను. గ్రామములకు బాటలు, బడులు, త్రాగునీరు సమకూర్చు పనులలో జిల్లా పరిషత్తునకు ముఖ్యమైన పాత్ర కలదు. పరిపాలనయందు ఆయనకు ఇదియే తొలి పాఠశాల. 1991లో అమలాపురము నియోజకవర్గమునుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. 1996లో అచ్చటనే ఓడిపోయెను. అయినను అధైర్యపడక, ముమ్మిడివరము ఉపఎన్నికలో గెలిచి రాష్ట్ర శాసనసభలో ప్రవేశించి, ఉన్నత విద్యాశాఖ మంత్రిగా పనిచేసెను. 1998లో అమలాపురము ప్రజలు ఆయనను మరల లోక్‌సభకు పంపిరి. ఆ సంవత్సరము మార్చి 24వ తేదీన సభ ఆయనను తన అధ్యక్షునిగా ఎన్నుకొనెను. అప్పటికి ఆయన వయస్సు నలువదియారేండ్లు. ఆ పీఠము నధిష్ఠించిన దళితులలో ఆయనయే ప్రథముడు.

స్పీకరు అనగా సభాపతి. ఆయన ఒక పక్షమునుండి ఎన్నికై వచ్చినను, ఆసనముపై కూర్చుండిన పిమ్మట అన్ని పక్షములకును సమానుడు. ఎవరు ఎప్పుడు మాటాడవలెనో నిర్ణయించుట, సభామర్యాదను కాపాడుట ఆయన విధులు. మన రాజ్యాంగము ప్రకారము ఆయన సామాన్యముగా ఓటు వేయరాదు. ఇరుపక్షముల ఓట్లు సమానమైనప్పుడు మాత్రమే తన ఓటుతో తీర్పు చెప్పవలెను.

ఈ ధర్మమునకు 1999వ సంవత్సరము ఏప్రిల్ 17వ తేదీన కఠినమైన పరీక్ష వచ్చెను. అటల్ బిహారీ వాజపేయి ప్రభుత్వము సభయొక్క విశ్వాసమును కోరుచుండెను. బాలయోగి పార్టీ ఆ ప్రభుత్వమును సమర్థించుచుండెను. గిరిధర్ గమాంగ్ అను సభ్యుడు అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రియై యుండియు, లోక్‌సభ సభ్యత్వమును విడువలేదు. ఆయన ఓటు వేయవచ్చునా యని వివాదము బయలుదేరెను. బాలయోగి ఆ నిర్ణయమును ఆ సభ్యుని అంతరాత్మకే విడిచిపెట్టెను. గమాంగ్ ప్రభుత్వమునకు ప్రతికూలముగా ఓటు వేసెను. అనుకూలముగా 269, ప్రతికూలముగా 270 ఓట్లు పడెను. ఒక్క ఓటుతో ప్రభుత్వము పడిపోయెను.

ఇచ్చట ఒక లెక్కను గమనింపుడు. ఆ ఒక్క ఓటును నిరాకరించియున్నచో ఇరువైపుల 269 చొప్పున సమానమై, తీర్పు సభాపతి చేతికే వచ్చియుండెడిది. ఆయన నిర్ణయము ఉచితమా కాదా యని పిమ్మట చాల చర్చ జరిగెను. కాని సభ్యుని ఓటుహక్కును తన పక్షము కొరకు ఆయన అడ్డగింపలేదనుట మాత్రము సత్యము.

అటుపిమ్మట జరిగిన ఎన్నికలలో బాలయోగి మరల గెలిచెను. 1999 అక్టోబరు 22వ తేదీన సభ ఆయననే తిరిగి అధ్యక్షునిగా ఎన్నుకొనెను. సభ్యుల నడవడిని పరిశీలించుటకై 2000లో ఆయన లోక్‌సభయందు నైతిక విలువల సంఘమును నియమించెను. శాసనసభలలో క్రమశిక్షణను గూర్చి చర్చించుటకై 2001 నవంబరులో ఢిల్లీయందు సదస్సు జరిపించెను. ఆ మరుసటి నెల 13వ తేదీన పార్లమెంటు భవనముపై ఉగ్రవాదులు దాడి చేసినప్పుడు సభాపతి ఆయనయే.

2002వ సంవత్సరము మార్చి 3వ తేదీన, భీమవరమునుండి హెలికాప్టరులో బయలుదేరిన బాలయోగి, కైకలూరు సమీపమున కొవ్వాడలంక వద్ద జరిగిన ప్రమాదమున మరణించెను. అప్పటికి ఆయనకు ఏబదియేండ్లు. పార్లమెంటు గ్రంథాలయ భవనమునందలి సభామందిరమునకును, హైదరాబాదు గచ్చిబౌలిలోని క్రీడారంగమునకును ఆయన పేరు పెట్టబడెను. కాని కోనసీమవారికి అన్నిటికంటె సన్నిహితమైన స్మారకము మరియొకటి కలదు. యానామును ఎదుర్లంకతో కలుపుచు గౌతమిపై నిర్మించిన వంతెన నేడు బాలయోగి వారధియని పిలువబడుచున్నది.

వారధి ఈ గట్టునకు గాని, ఆ గట్టునకు గాని చెందదు. ఇరుగట్లవారిని సమానముగా దాటించును. సభాపతి ధర్మమును అట్టిదే. ఆటలో న్యాయనిర్ణేతగా నిలిచినను, తరగతిలో నాయకుడుగా ఎన్నికైనను, బాలురు మొదట నేర్వవలసినది ఈ సమభావమే.