ఇంటి రంగు.. మీ మొదటి ప్రాజెక్టు!

పత్తి అమ్మేశారు. మిరపకాయలు గుంటూరు యార్డుకు చేరాయి. చేతిలోకి నాలుగు డబ్బులొచ్చాయి. ‘ఇంటికి రంగులేయిద్దాం.. చదువుకున్నావుగా, ఏ రంగైతే బాగుంటుందో నువ్వే చెప్పు’ అని ఇంట్లో అడిగారనుకోండి. ఏం చేస్తారు? ఫోన్లో నాలుగు ఫొటోలు తిప్పి, ‘ఇదేయించండి నాన్నా’ అనేస్తారు. అంతే కదా!

కానీ ఆ డబ్బు ఓ పంట కాలం కష్టం. ఒకసారి వేస్తే కొన్నేళ్లపాటు ఊరంతా ఆ రంగే చూస్తుంది. అందుకే ఓ వారం కేటాయించి లెక్క ప్రకారం ఎంచుకోండి. డబ్బు వృథా కాదు. పైగా ఇంటర్వ్యూలో ‘సొంతంగా ఏం చేశారు?’ అని అడిగితే చెప్పడానికి మీదైన ప్రాజెక్టు ఉంటుంది.

పెద్దల లెక్క ఇదీ..

పాత ఇళ్లను గుర్తుచేసుకోండి. గోడలకు తెల్లటి సున్నం, అరుగులకు ఎర్రటి జాజు. సున్నానికి పేరున్న పిడుగురాళ్ల మన పక్కనే ఉంది కాబట్టి వేశారని అనుకోవచ్చు. అదొక్కటే కాదు. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. కింద ముదురు రంగుంటే వానకు చిందే నల్లరేగడి బురద అంతగా కనిపించదు. ఈ సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. గోడకు లేత రంగు, కింద రెండు మూడు అడుగులు ముదురు పట్టీ వేయిస్తే మొదటి వానకే ఇల్లు మాసిపోయినట్టు కనిపించదు.

మారని వాటితో మొదలుపెట్టండి

రంగు మార్చొచ్చు, రాయి మార్చలేం. మెట్లకు చీమకుర్తి బ్లాక్‌ గెలాక్సీ గ్రానైట్‌ ఉందా? వసారాలో మాచర్ల నాపరాళ్లు పరిచారా? గేటు ఏ రంగులో ఉంది? ముందు ఇవి రాసుకోండి. నల్ల గ్రానైట్‌ పక్కన మీగడ తెలుపు, లేత పసుపు బాగా నప్పుతాయి. బూడిద రంగు నాపరాయి దగ్గర మళ్లీ బూడిద రంగే వేస్తే ఇల్లు వెలవెలబోతుంది. డిజైనర్లు 60-30-10 అనే సులువైన సూత్రం వాడతారు. గోడలకు ఒక రంగు 60 శాతం, అంచులు, స్తంభాలు, పిట్టగోడకు రెండోది 30, తలుపులు, గ్రిల్స్‌కు మూడోది 10. నాలుగో రంగు జోలికి వెళ్లకపోవడమే మేలు.

ఈ నంబరు చూడండి

రంగు ఎంత వెలుగును తిప్పి పంపుతుందో చెప్పే కొలత ఎల్‌ఆర్‌వీ, అంటే లైట్‌ రిఫ్లెక్టెన్స్‌ వాల్యూ. నలుపు 0 వైపు, తెలుపు 100 వైపు ఉంటాయి. చాలా షేడ్లకు ఇది షేడ్‌ కార్డులోనో కంపెనీ వెబ్‌సైట్‌లోనో దొరుకుతుంది. రెంటచింతల ఎండల సంగతి మనకు కొత్తగా చెప్పాలా? పడమటి గోడకు ముదురు రంగేస్తే మధ్యాహ్నం ఎండనంతా అదే పీల్చుకుంటుంది. అక్కడ ఎల్‌ఆర్‌వీ ఎక్కువున్న షేడ్‌ ఎంచుకోండి.

వెలిసిపోవడం ఇంకో సమస్య. మెరిసే ఎరుపు, నారింజ రంగుల్లో వాడే చాలా ఆర్గానిక్‌ పిగ్మెంట్లు ఎండకు త్వరగా పాలిపోతాయి. ఇటుక ఎరుపు, కావి, మట్టి పసుపు లాంటి ఐరన్‌ ఆక్సైడ్‌ రంగులు ఎక్కువ కాలం నిలుస్తాయి.

పరీక్ష గోడ మీదే!

విజువలైజర్‌ యాప్‌లు వాడండి, కానీ తుది నిర్ణయం వాటికి వదలొద్దు. ఒక్కో ఫోన్‌ స్క్రీన్‌లో రంగు ఒక్కోలా కనిపిస్తుంది. రెండు మూడు షేడ్ల చిన్న డబ్బాలు తెచ్చి, గోడపై మూడడుగుల చదరాలు వేయించండి. ఉదయం, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి వీధి లైటు వెలుగులో రోడ్డు అవతల నిలబడి చూడండి. కార్డులో నిండుగా కనిపించిన రంగు పెద్ద గోడపై ఎండలో మరింత లేతగా, కాంతిగా కనిపిస్తుంది. అందుకే కాస్త మందమైన షేడ్‌ కూడా పరీక్షించండి.

నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. గోడలకు బీటలొచ్చే కారణాల్లో ఇదొకటి. రంగు బీటను దాచదు. పెద్ద పగులైతే ముందు ఇంజినీరుకు చూపించండి. కొత్త ప్లాస్టరింగ్‌ అయితే కనీసం 28 రోజులు ఆగి, ప్రైమర్‌ కొట్టాకే రంగు. తుపాన్ల కాలం పోయాక డిసెంబరు నుంచి మార్చి దాకా గోడలు పొడిగా ఉంటాయి. పని పెట్టుకోవడానికి అదే అనువైన సమయం.

లీటర్లు లెక్కేద్దాం

30 బై 40 అడుగుల ఒకే అంతస్తు ఇల్లు అనుకుందాం. చుట్టుకొలత 140 అడుగులు. పదడుగుల ఎత్తుతో హెచ్చిస్తే 1,400 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలకు 150 తీసేస్తే 1,250. రెండు కోట్లకు లీటరు 50 చదరపు అడుగులు వస్తుందనుకుంటే 25 లీటర్లు కావాలి. గోడ గరుకుగా ఉంటే ఇంకాస్త పడుతుంది. పిట్టగోడ వేరేగా కలపాలి. కచ్చితమైన కవరేజీ డబ్బా మీదే ఉంటుంది. మేస్త్రి గారు 40 లీటర్లంటే, ‘ఏ లెక్కన చెప్పారండీ?’ అని మర్యాదగానే అడగొచ్చు.

రెజ్యూమెలో ఎలా?

ముందు, తర్వాత ఫొటోలు, కొలతలు, పరిశీలించిన షేడ్లు, కారణాలు, ఖర్చు. వీటితో రెండు పేజీల రిపోర్టు రాయండి. సివిల్‌ వాళ్లకు ఇది ఎస్టిమేషన్‌ అనుభవం. కంప్యూటర్‌ సైన్స్‌ వాళ్లు ఓపెన్‌సీవీతో గోడను వేరుచేసి, నీడలు చెడకుండా రంగు మార్చే చిన్న టూల్‌ చేయొచ్చు. కెమిస్ట్రీ వాళ్లు స్పెక్ట్రోఫొటోమీటర్‌, రంగుల తేడాను కొలిచే ‘డెల్టా ఈ’ గురించి చదవండి. పెయింట్‌ కంపెనీల క్వాలిటీ ల్యాబుల్లో ఇవి రోజువారీ పనులు. పటాన్‌చెరు, విశాఖల్లో ఏషియన్‌ పెయింట్స్‌, హిందూపురంలో బర్జర్‌ ప్లాంట్లున్నాయి. పైచదువుల వైపు చూస్తుంటే ముంబయి ఐసీటీలో సర్ఫేస్‌ కోటింగ్‌ టెక్నాలజీ, కాన్పూర్‌ హెచ్‌బీటీయూలో పెయింట్‌ టెక్నాలజీ కోర్సులున్నాయి. ఇక 2023లో వచ్చిన తెలంగాణ కూల్‌ రూఫ్‌ విధానం 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల చల్లని పైకప్పులను లక్ష్యంగా పెట్టుకుంది. ఎండను వెనక్కి పంపే పూతల గురించి తెలిసినవాళ్ల అవసరం ఈ పనిలో ఉంటుంది.

టేపు, నోట్‌బుక్‌ తీసుకుని ఈ ఆదివారం మీ ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. మీ ఇంటికి ఇప్పుడు రంగు అక్కర్లేదా? పక్కింటి బాబాయి వాళ్లకు అవసరమేమో అడిగి చూడండి.