ఔత్సాహికుల చేతికి అందిన డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరా

ఛాయాగ్రహణం చిరకాలం ఖర్చుతో కూడిన అభిరుచిగానే ఉండేది. ఒక ఫిల్ము చుట్టలో ముప్పై ఆరు చిత్రాలు. వాటిని కడిగించి, ప్రింట్లు చేతికి వచ్చేవరకు పొరపాటు తెలిసేది కాదు. తెలిసేనాటికి సందర్భం దాటిపోయేది. ఔత్సాహికులకు ఈ ఇబ్బందిని తొలగించిన సాధనాలలో ప్రముఖమైనది 2003లో కేనన్ సంస్థ వెలువరించిన ఈఓఎస్ 300డి కెమెరా. అమెరికాలో ఇది డిజిటల్ రెబెల్ అన్న పేరుతో అమ్ముడయింది.

దీని వెనుక మూడు దశాబ్దాల పరిశోధన ఉంది. 1969లో బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సి.సి.డి.ని రూపొందించారు. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ శాసన్ నిర్మించిన తొలి డిజిటల్ కెమెరా పదివేల బిందువుల చిత్రాన్ని క్యాసెట్టుపై నమోదు చేయడానికి 23 సెకన్లు తీసుకుంది. 1991లో కొడాక్ సంస్థ నైకాన్ ఎఫ్3 కెమెరాకు సెన్సరు అమర్చి అమ్మకానికి పెట్టింది గాని, దాని ధర వేల డాలర్లలో ఉండి పత్రికా సంస్థలకే అందుబాటులో ఉండేది. 300డి ధర అమెరికాలో 899 డాలర్లు. లెన్సుతో కలిపి 999. వెయ్యి డాలర్ల హద్దుకు లోబడిన ఈ ధరే దాని ప్రత్యేకత.

ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో లెన్సు గుండా వచ్చిన కాంతిని వాలుగా అమర్చిన అద్దం పైకి మళ్లించి కంటికి చేరుస్తుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, షట్టరు తెరుచుకుంటుంది, కాంతి సెన్సరు మీద పడుతుంది. 300డి సెన్సరులో 63 లక్షల కాంతిగ్రాహక బిందువులున్నాయి. కాంతి తీవ్రతను బట్టి ప్రతి బిందువులోనూ విద్యుదావేశం పోగవుతుంది. బిందువు స్వయంగా రంగును గుర్తించలేదు; అందుచేత వాటిపై సగం ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం వడపోతలు అమర్చుతారు. మిగిలిన రెండు రంగుల విలువలను పొరుగు బిందువుల ఆధారంగా కెమెరాలోని ప్రాసెసరు లెక్కగడుతుంది.

మసక వెలుతురులో సాగే కూచిపూడి ప్రదర్శనను ఉదాహరణగా తీసుకుందాం. ఫిల్ము చుట్ట వేశాక దాని వేగం మారదు. 300డిలో మాత్రం ఐ.ఎస్.ఓ. విలువను 100 నుండి 1600 వరకు ప్రతి చిత్రానికీ మార్చుకోవచ్చు. నర్తకి పాదం చెదిరినట్లు పడితే ఆ సంగతి తెరమీద వెంటనే కనిపిస్తుంది. మరుసటి జతికి సవరించుకోవచ్చు.

లోపాలు లేకపోలేదు. శరీరం ప్లాస్టిక్కుది. సెన్సరు 35 మిల్లీమీటర్ల ఫిల్ము కన్నా చిన్నది కావడంతో 50 మిల్లీమీటర్ల లెన్సు 80 మిల్లీమీటర్ల లెన్సు వలె దృశ్యాన్ని కుదిస్తుంది. లెన్సు మార్చేటప్పుడు ధూళి చేరి చిత్రాలలో మచ్చలుగా కనిపించవచ్చు. నేడు అద్దం లేని కెమెరాలు ఈ రకాన్ని చాలావరకు వెనక్కు నెట్టాయి.

ఇంతకంటె గట్టి హెచ్చరిక మరొకటుంది. ఫిల్ము నెగెటివు బీరువాలో దశాబ్దాలు నిలుస్తుంది. డిజిటల్ చిత్రం మాత్రం ఒక్క డిస్కు చెడిపోతే మాయమవుతుంది. పెద్దల ముఖాలు, పిల్లల తొలి అడుగులు ముందు తరాలకు దక్కాలంటే కనీసం రెండు ప్రతులు వేర్వేరు చోట్ల భద్రపరచాలి. ఎంపిక చేసిన వాటిని కాగితంపై ముద్రించుకోవాలి. చిత్రం తీయడం సులభమైన కాలంలో దానిని కాపాడుకునే బాధ్యత తీసినవారిదే.