లుంగీ మంచిదే, మరి ముడి సంగతేమిటి?

స్కాట్లండులో మగవారు కిల్టు అనే గళ్ళ గుడ్డను నడుముకు చుట్టుకుంటారు. పెళ్ళిళ్ళకూ వేడుకలకూ ధరించే ఆ దుస్తును నేడు జేబులతో కుట్టించుకుని, టీషర్టుతో మామూలుగా వేసుకునే వారూ ఉన్నారు. మనకిది వింత కాదు. ప్రొద్దుటూరు బంగారు అంగడిలో కూర్చున్నా, జమ్మలమడుగు వైపు బండల గనుల్లో పనిచేసినా, పులివెందుల చీనీ తోటకు నీరు కట్టి వచ్చినా, ఇల్లు చేరిన మగవాడు మొదట అడిగేది లుంగీయే.

వైద్యరీత్యా ఇది మంచి అలవాటు. మే నెలలో మన జిల్లాలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. బిగుతు జీన్సు, నైలాను లోదుస్తులు వేసుకుంటే గజ్జల్లో చెమట ఆరక తామర పట్టుకుంటుంది. వదులైన నూలు గుడ్డలో గాలి ఆడుతుంది.

మరొక విషయం. వీర్యకణాలు సక్రమంగా తయారు కావాలంటే వృషణాల వేడి శరీరపు వేడికన్నా 2 నుంచి 4 డిగ్రీలు తక్కువగా ఉండాలి. కిల్టు ఇందుకు తోడ్పడవచ్చునని 2013లో స్కాట్లండు వైద్యపత్రికలో ఒక వ్యాసం వచ్చింది. అయితే అది రుజువైన సంగతి కాదు. సంతానం లేనివారు లుంగీని మందుగా ఎంచి పరీక్షలు వాయిదా వేయరాదు.

ఇక అసలు సంగతి ముడి. కిల్టు నడుము పట్టీ వెడల్పుగా ఉంటుంది. పక్కల బకిల్సుతో సర్దుకోవచ్చు. కనుక ఒత్తిడి ఒకేచోట పడదు. మన పంచె ముడి, మొలతాడు, ఆడవారి లంగా బొందు అలా కాదు. ఏళ్ళ తరబడి ఒకే గీత మీద బిగుస్తాయి. చెమట, దుమ్ము, రాపిడి తోడై చర్మం రంగు మారి, పొలుసులు లేచి, పగిలి పుండవుతుంది. మానని పుండు అరుదుగా క్యాన్సర్‌గా మారుతుంది. బొంబాయి వైద్యులు ఖానోల్కర్, సూర్యాబాయి 1945లోనే పంచె కట్టు వల్ల వచ్చే క్యాన్సర్‌ను వర్ణించారు. మహారాష్ట్ర, బీహారులకు చెందిన ఇద్దరు స్త్రీలకు లంగా బొందు ఒరిసిన చోట క్యాన్సర్ వచ్చినట్లు 2024లో వైద్యపత్రికలో వెలువడింది. ఇద్దరూ ఏడాదికి పైగా పుండుతో బాధపడినవారే.

భయపడి లుంగీ, చీర మానుకోనక్కరలేదు. ఈ జాగ్రత్తలు చాలు:

1. ముడికీ నడుముకూ మధ్య రెండు వేళ్ళు సులువుగా దూరాలి. సన్నని బొందు బదులు వెడల్పు పట్టీ కుట్టించుకోండి.

2. ముడి వేసే చోటును అప్పుడప్పుడు కొంచెం పైకో కిందికో మార్చండి. ఇంట్లో ఉన్నప్పుడు ఎలాస్టిక్ వదులుగా ఉన్న దుస్తులు వేసుకోండి.

3. స్నానం తర్వాత నడుమునూ గజ్జలనూ పొడిగా తుడుచుకోండి. తడి లుంగీ కట్టుకోకండి. తామర ఉన్నవారి తువ్వాలు, లుంగీ ఇంకొకరు వాడరాదు.

4. దురదకు మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన పూత మందు తెచ్చుకోకండి. దురద తగ్గినట్లే ఉండి తామర మరింత వ్యాపిస్తుంది. అది మాటిమాటికీ వస్తుంటే రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి.

5. నడుము దగ్గర పుండు రెండు మూడు వారాల్లో మానకపోయినా, అంచులు గట్టిపడినా, రక్తం కారినా వెంటనే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించండి. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే జబ్బు ఏమిటో తెలుస్తుంది.

ఇంట్లో పెద్దవారు, ముఖ్యంగా అవ్వలు, నడుము మీది పుండును సిగ్గుపడి చీర చాటున దాచుకుంటారు. మీరే అడిగి తెలుసుకోండి. తొలిదశలో గుర్తిస్తే ఆ భాగం వరకు కోసి తీసివేస్తే సాధారణంగా నయమవుతుంది.