మందుల ఫ్యాక్టరీలు ఒకేచోట ఎందుకు చేరతాయి?

హైదరాబాద్ చుట్టూ ఉన్న జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడల్లో మందుల ఫ్యాక్టరీలు దగ్గర దగ్గరగా ఉంటాయి. చాలావరకు ఒకదానితో ఒకటి పోటీపడేవే. పోటీదారుకు దూరంగా ఉండటమే మేలు కదా, మరి ఇలా ఎందుకు చేరాయి?

కారణం కొంత రసాయనశాస్త్రంలోనే ఉంది. మాత్రలో పనిచేసే అసలు పదార్థాన్ని బల్క్ డ్రగ్ అంటారు. దీన్ని తయారు చేయడానికి సాధారణంగా అనేక చర్యలు వరుసగా జరపాలి. అన్నీ ఒకే ఫ్యాక్టరీ చేసుకోబోతే కొన్ని రియాక్టర్లు తరచూ ఖాళీగా పడి ఉంటాయి. చుట్టూ ఇతరులుంటే మధ్య దశ పదార్థాన్ని ఒకరు తయారుచేసి నలుగురికి అమ్మవచ్చు. వాడేసిన ద్రావకాన్ని స్వేదనం చేసి తిరిగి ఇచ్చేవారు ఇంకొకరు. పంపు సీలు పోతే మెకానిక్కు గంటలో వస్తాడు. అవే యంత్రాలు, అంతేమంది కార్మికులు, ఉత్పత్తి మాత్రం ఎక్కువ. ఉత్పాదకత పెరగడమంటే ఇదే.

అంతకన్నా విలువైనది మనుషుల అనుభవం. ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లోనే ఈ సంగతి వివరించాడు. హైదరాబాద్‌లో ఆ అనుభవానికి బడి బాలానగర్‌లోని ప్రభుత్వరంగ ఫ్యాక్టరీ ఐ.డి.పి.ఎల్. సోవియట్ సహాయంతో 1960లలో నెలకొన్న ఈ ఫ్యాక్టరీలో పనిచేసినవారు కొందరు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన కె. అంజిరెడ్డి వారిలో ఒకరు. 1972లో అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం 2005 దాకా మందుకు కాక, దాని తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చేవారు. కనుక కొత్త పద్ధతి తెలిసిన కెమిస్టుకు గిరాకీ. అతను వీధి దాటి వేరే కంపెనీలో చేరితే కిటుకులూ వెంట వెళ్తాయి. పాత యజమానికి కడుపుమంటే, పరిశ్రమకు మాత్రం లాభం!

అయితే గుంపులో ఉన్నందువల్ల కంపెనీ సమర్థంగా తయారైందా, లేక సమర్థమైనవే గుంపులో చేరాయా? ఈ రెంటినీ విడదీయడం గణాంకవేత్తలకు కష్టమైన పనే.

ఫ్యాక్టరీ లెక్కల్లోకి రాని ఖర్చు ఒకటుంది. పటాన్‌చెరు దిగువన నక్కవాగు కలుషితమై, రైతుల బావులు పాడయ్యాయి. 1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. తరవాత దాదాపు 90 ఫ్యాక్టరీల మురుగునీటికి ఉమ్మడి శుద్ధి కేంద్రం నడిచింది. ఖర్చు పంచుకోగలగడం కూడా గుంపు ఇచ్చిన వెసులుబాటే. కాని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రచురించిన పరిశోధన ప్రకారం, శుద్ధి అయి బయటికి వచ్చిన నీటిలోనే సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత గాఢత ఉండదు.