ఫ్లిట్ పిచికారి

పొడవైన రేకు గొట్టమును, దాని కొనక్రింద అమర్చిన చిన్న డబ్బాయును, వెనుకనుండి కొయ్యపిడితో ముందువెనుకల కాడెడి కడ్డీయును గల ఫ్లిట్ పిచికారిని ఎరుగని గృహస్థుడు మనలో ఒకప్పుడు అరుదు. న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్ సంస్థ 1923లో విక్రయమునకు పెట్టిన కీటకనాశిని పేర వెలసిన ఈ సాధనము దోమలకై మన యిండ్లలో ప్రవేశించినట్లే, ఈగలకై పాశ్చాత్యుల పశువుల కొట్టములలోను అశ్వశాలలలోను ప్రవేశించెను. "గాలి ముందుకు పోవుచుండగా మందు పైకేల లేచును?" అని తరగతిలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నయే నన్నీ యంత్రముపై వ్రాయ బురికొల్పినది.

అశ్వశాలలో ఈ యంత్రపు పని తెలియవలెనన్న మొదట గుఱ్ఱమును గూర్చి కొంత చెప్పవలయును. ఈగను తోలుకొనుటకు దానికి తోకయు, జూలునుగాక, చర్మము క్రింద పలుచని కండర మొకటి కలదు. ఈగ వ్రాలినంతనే భుజమునందో ప్రక్కయందో ఆ చోటి చర్మము మాత్రమే గజగజ వణకి దానిని ఎగురగొట్టును. కాని కాళ్ల క్రిందిభాగమునకు ఆ కండరము లేదు. రక్తము త్రావు అశ్వశాలల ఈగ కాళ్లనే ఆశ్రయించును గనుక, ఈగల కాలమున గుఱ్ఱము దినమెల్ల నేలను తన్నుచు అలసిపోవును. జోరీగ యంతకంటె క్రూరమైనది: కత్తులవంటి నోటి అవయవములతో చర్మమును కోసి, ఊరిన నెత్తురును గ్రోలి, నడుమ తరిమినచో ప్రక్క గుఱ్ఱముపై వ్రాలి మిగిలిన విందును ముగించును. ఈ యలవాటే దానిని రోగవాహకముగా చేసినది. గుఱ్ఱములను, ఒంటెలను క్షీణింపజేసి చంపెడి సుర్రా వ్యాధికి మూలమైన సూక్ష్మజీవిని గ్రిఫిత్ ఎవాన్స్ అను పశువైద్యుడు 1880లో నాటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖానునందు కనుగొనెను. ఆ జీవిని ఒక జంతువు నెత్తుటినుండి మరియొకదాని నెత్తుటికి చేర్చువానిలో జోరీగయే ముఖ్యమైనది.

ఇక పిచికారి. గొట్టములోని కడ్డీ కొనకు గిన్నెయాకారమున తోలు బిళ్ల యుండును. కడ్డీని ముందుకు త్రోసినప్పుడు గాలి యొత్తిడికి దాని యంచులు విచ్చుకొని గోడల నంటిపట్టును; వెనుకకు లాగినప్పుడు అవే ముడుచుకొని గాలికి దారి యిచ్చును. వేరొక కవాటముతో పనిలేకుండ ఒక్క తోలుముక్క రెండు పనులను నిర్వహించుట నాకు ఎన్నిమారులు చూచినను ఆనందము గొలుపును. ముందుకు త్రోయబడిన గాలి సన్నని రంధ్రమునుండి మహావేగముతో వెడలి, డబ్బాలో మునిగియున్న నిలువు గొట్టపు మూతిని ఒరసికొని పోవుచు, అచ్చటి గాలిని తనతో ఈడ్చుకొనిపోవును. కావున మూతి కడ పీడనము తగ్గును. డబ్బా మూతకు గల సూదిబెజ్జము గుండ వాయుమండలము మాత్రము తన పూర్తి పీడనముతో మందును క్రిందికి అదుముచునే యుండును. మందును పైకెత్తునది పిచికారి పీల్చుట కాదు. మన తలలపై నున్న వాయుమండలపు బరువు. ఆ బెజ్జమును మైనముతో మూసి కొట్టి చూచినచో కొలది సేపటిలోనే తుంపర ఆగిపోవుట ఇందుకు నిదర్శనము.

పైకి వచ్చిన ద్రవమును తలతన్యత గుండ్రని బొట్టుగా బిగించి యుంచజూచును, గాలిధార చీల్చజూచును. ఈ పెనుగులాటలో గాలి గెలిచిన కొలది బొట్టు చిన్నదగును. రెండు మిల్లీమీటర్ల వ్యాసము గల ఒక్క బొట్టు 20 మైక్రానుల కణములుగా విడినచో పది లక్షల కణములగును, ఉపరితలము నూరురెట్లు పెరుగును. మందు పెరుగకయే దాని వ్యాప్తి పెరిగినది! అట్టి కణము నిశ్చలమైన గాలిలో సెకనుకు ఒక సెంటీమీటరు కంటె కొంచెమెక్కువగా మాత్రమే దిగును. గదిలో ఎగురు దోమకు ఇది మృత్యువే కాని, ఆరుబయట నిలిచిన గుఱ్ఱమునకు ఇది నిష్ప్రయోజనము. రోమములను తడుపకమునుపే గాలి దానిని కొనిపోవును. అందుచేతనే మీట నొక్కెడి సీసా ఇచ్చట ఫ్లిట్ పిచికారిని జయించినది. అది గాలిని తోయదు, ద్రవమునే తోయును. ద్రవము మూతిలో గిరగిర తిరిగి, పలుచని శంకువుగా విచ్చుకొని, రోమములపై నిలువగల ముతక కణములుగా తెగును. అశ్వశాలకు సంబంధించినంతవరకు ఈ గెలుపు న్యాయమైనదని నా నిశ్చయము.

ఇక లోపలి మందు చరిత్ర సంగ్రహముగా చెప్పదగినదే. డాల్మేషియా చేమంతులనుండి లభించిన పైరెత్రమ్ ఈగల నాడులను క్షణములో స్తంభింపజేసినను ఎండకు త్వరగా నశించును. 1940ల చివర ఫ్లిట్‌లో డి.డి.టి. చేరినది, పిదప నిషేధముల పాలయినది. 1973లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ నందు మైకేల్ ఎలియట్ బృందము ఎండకు నిలుచు పెర్మెత్రిన్‌ను నిర్మించెను. నేడు గుఱ్ఱములపై కొట్టు మందులు పెక్కింటిలో నున్నది ఇదియే.

గుఱ్ఱమును పెంచువారికి నా విన్నపము. మందుకంటె ముందు సీసా బుస్సుమను చప్పుడే గుఱ్ఱమును బెదరించును. కావున సీసాలో వట్టి నీరు నింపి, భుజమునుండి మొదలిడి, కొన్నాళ్లు అలవాటు చేయుడు. మొగముపై ఎన్నడును కొట్టక, గుడ్డపై చల్లి కన్నుల నంటకుండ తుడువుడు. పెర్మెత్రిన్ పిల్లులకు విషము; తడి యారువరకు వానిని దరి చేరనీయకుడు. మూత్రముతో తడిసి మురిగిన గడ్డిలోనే అశ్వశాలల ఈగ పుట్టును గనుక, ఆ గడ్డిని ప్రతిదినము ఎత్తివేయుడు. అది చేయనిచో ఎంత మందు కొట్టినను ఈగలు తగ్గవు.