మామిడి చిగురు ఎందుకు ఎర్రగా ఉంటుంది?

ఉగాది దగ్గర పడ్డప్పుడు చెట్లకేసి ఓసారి తలెత్తి చూడండి. మామిడి, వేప, రావి కొమ్మల చివర్లు రాగి రంగులో మెరుస్తుంటాయి. ఆకంటే పచ్చగా ఉండాలి కదా, మరి ఇదేమిటి?

ఆకుకు పచ్చదనం ఇచ్చేది పత్రహరితం. ఎండను పట్టుకుని చెట్టుకు ఆహారం తయారుచేయడంలో పెద్ద పని దానిదే. కానీ దాన్ని తయారుచేసుకోవాలంటే చెట్టుకు ఖర్చెక్కువ. వేళ్లు నేలలోంచి లాగిన నత్రజనిని అందులో పెట్టాలి. లేత ఆకులంటే పురుగులకు మహా ఇష్టమాయె! తలుపులు బిగించని కొత్తింట్లోకి బియ్యం బస్తాలు ఎవరైనా చేరుస్తారా? చెట్టూ అంతే. ఆకు ముదిరి గట్టిపడ్డాకే పత్రహరితాన్ని దండిగా నింపుతుంది.

సరే, ఎరుపు ఎక్కడిది? ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలది. నేరేడు పండు తింటే నాలుక ఊదాగా మారేదీ వీటివల్లే. ఇవి తీక్షణమైన ఎండను కొంత అడ్డుకుని లేత ఆకును కాపాడతాయి. ఎరుపు చూసి కొన్ని పురుగులు దూరంగా ఉంటాయని కూడా కొందరు శాస్త్రవేత్తలు అంటారు.

మామిడి చిగురు నీరసంగా వేలాడుతుంది, చూశారా? వాడిపోయిందనుకోకండి. దాని ఈనెలింకా గట్టిపడలేదు. అలా వేలాడటమూ మంచిదే, మధ్యాహ్నపు ఎండ సూటిగా తగలదు.

అన్ని మొక్కలూ ఇలా చేయవు. అరటి సాధారణంగా కొత్త ఆకును లేతాకుపచ్చగానే విప్పుతుంది.

మామిడి చిగురున్న కొమ్మకు వదులుగా ఓ దారం కట్టి, రోజూ చూస్తూ రంగు రాసుకోండి. కోయకండేం!